బుల్లెమ్మ కుడిచెయ్యి

డైరీ ఫార్మ్ పేటలో బుల్లెమ్మ బండి దగ్గర ఆగినవాళ్లకు పునుగులతో పాటు సునామీ కథ కూడా దక్కేది. హట్ బే తీరంలో అల తన చెల్లెలు కాళమ్మను ఎలా లాక్కుపోయిందో, కాళమ్మ కూతురు మూడేళ్ల లహరిని చంకనేసుకుని తానెలా గట్టెక్కిందో పద్దెనిమిదేళ్లుగా చెప్పి చెప్పి ఆమెకు నోటికొచ్చేసింది. అధికార్లకు, టీవీవాళ్లకు, దీవులు చూడ్డానికొచ్చినవాళ్లకు, అందరికీ హిందీలోనే.

"మైనే కస్‌కే పకడా థా, భయ్యా. పానీ ఆయా, హాథ్ ఫిసల్ గయా." చెల్లి చెయ్యి గట్టిగానే పట్టుకుందట, నీళ్లొచ్చి జారిపోయిందట.

కన్ను తడయ్యేది కాదు. ఎంత గుండెధైర్యమో అని మెచ్చుకునేవారు. వాళ్ల మెప్పు ఆమెను ఎంత కాల్చుకుతినేదో వాళ్లకేం తెలుసు!

పిల్లల్లేని బుల్లెమ్మను లహరి అమ్మా అనే పిలుస్తుంది. ఆ పిలుపు తనకు ఎక్కడ దూరమవుతుందోనన్న దిగులు బుల్లెమ్మను ఒక్కరోజూ వదల్లేదు.

ఇప్పుడు లహరి వైజాగ్‌లో భాషాశాస్త్రం చదువుతోంది. మాట్లాడేటప్పుడు మనిషి చేతులు ఏం చేస్తాయో చూడటం ఆమె ప్రాజెక్టు. అదీ ఒక చదువేనట! సెలవులకొచ్చి, "ఈపాలి తెలుగులో చెప్పమ్మా" అని ఎదురుగా ఫోన్ నిలబెట్టింది. తెలుగులో చెప్పడం బుల్లెమ్మకు అదే మొదలు. హిందీలో అది ఎవరి కథో అన్నట్టుండేది. తెలుగులో రెండో మాటకే అది తన కథ అయిపోయింది. ఎలాగో ముగించింది.

మధ్యాహ్నం లహరి ఆ వీడియోను శబ్దం తీసేసి చూస్తోంది. మాట వినిపిస్తే చూపు చేతిమీద నిలవదట. పక్కన కూర్చున్న బుల్లెమ్మ కథ చెప్పే తన చేతిని మొదటిసారి చూసింది.

"అమ్మా, ఇక్కడ చెయ్యి జారిపోనాది అన్నావు కదా? జారిపోతుంటే ఎవులైనా వేళ్లు బిగిస్తారు. నీ వేళ్లు విచ్చుకున్నాయేటి?"

వెనక్కి తిప్పి మళ్లీ చూపించింది. కుడిచెయ్యి విచ్చుకుని, పక్కకు వెళ్లి, గాలిలో దేన్నో గట్టిగా పట్టుకుంది. పాడు చెయ్యి! ఇన్నేళ్లూ నోరు దాచినదాన్ని అది కథ విన్నవాళ్లందరి ముందూ చెబుతూనే ఉందన్నమాట.

నీకోసమే వదిలాను తల్లీ అంటే సరిపోయేది. పిల్ల నమ్మేది, మెడ కావలించుకుని ఏడ్చేది కూడా. కానీ ఆ క్షణాన చంకలో పిల్ల ఉందన్న ధ్యాస తనకుందా? ఎంత తవ్వుకున్నా బుల్లెమ్మకు గుర్తురాలేదు. బతకాలనిపించింది, అంతే.

"వదిలేసినానే," అంది. "కొబ్బరిచెట్టు అందినాది. చెల్లి చెయ్యి వదిలేసి చెట్టు పట్టుకున్నాను."

లహరి ఫోన్ బోర్లా పెట్టింది. ఆ కుడిచేతికేసి చూస్తూ అడిగింది.

"మా అమ్మ చూసిందా?"

కాళమ్మను ఆ పిల్ల మా అమ్మ అనడం బుల్లెమ్మ వినడం అదే మొదలు. తల అవునన్నట్టు ఊగింది.