నేను ఏరిన తూటా

నిన్న అమ్మ కుట్టుమిషను సొరుగులో ఒక ఇత్తడి తూటా గొట్టం దొరికింది. సౌదీలో పెరిగిన మన ఈడు వాళ్లకి గుర్తుందా, నాయనలకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంటి తివాచీలకు పట్టేసిన ఆ ఏలకుల గహ్వా కాఫీ వాసన? గొట్టం చేతిలోకి తీసుకోగానే అదే వాసన.

నజ్రాన్‌లో కఫీల్ తోటకు మా నాయన పంపుసెట్ల మెకానిక్. గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది, నాకు ఎనిమిదేళ్లు. తోట దొడ్లో ఒక జింకను రోజూ పొద్దున పాలసీసాతో పాలు పట్టి సాకేదాన్ని. అతిథులతో కొండమేకల వేటకు పోతూ కఫీల్ మూడు సైజుల తూటాలు పరిచి, నచ్చింది ఏరమన్నాడు.

"చిన్నది గాయం చేసి ఇడిచిపెడ్తాది, పెద్దది కండంతా పాడు చేస్తాది. నడిమిది తీసుకో పాపా," అన్నాడు నాయన.

నడిమిదే తీశాను.

సాయంత్రం కఫీల్ ఖాళీ గొట్టం నా చేతిలో పెట్టి, నా తూటాకే వేట పడిందన్నాడు. అతిథులంతా మెచ్చుకున్నారు. అందరం ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నాం. గర్వంగా, కడుపునిండా తిన్నాను. నాయన మాత్రం కడుపులో బాగాలేదని ముట్టలేదు.

పొద్దున పాలసీసా పట్టుకుని వెళ్తే దొడ్లో నా జింక లేదు.

"కొండల్లో ఏమీ దొరకలేదంట. ఉత్తచేతుల్తో వస్తే అతిథుల ముందర పరువు పోతాదని..." నాయన తల దించుకున్నాడు.

కఫీల్ మీద కోపం ఎప్పుడో పోయింది. కానీ ఆ సాయంత్రం, ఇంకాస్త తినమని మాంసం నా వైపు జరిపిన చెయ్యి నాయనది.