నా కంటి కోసం ఆర్పిన పొయ్యిలు

పెళ్లయిన కొత్తలో, నల్గొండ దగ్గర మా ఊళ్లో వడ్లు చెరుగుతుంటే పొట్టు పడి, పుండై, తెల్లబారిపోయిన నా కుడికన్ను ఇరవై ఏళ్లకు మళ్లీ చూసింది. చనిపోయిన ఒక మనిషి కంటిపొరను ఆ ఇంటివాళ్లు దానమిస్తే, డాక్టరమ్మ దాన్ని నా కంటికి కుట్టింది. కార్నియా అంటారట. కొన్ని వారాలకే మా ఆయన చొక్కా మీది గళ్లు లెక్కపెట్టి చెప్పాను.

దాంతో గర్వం నెత్తికెక్కింది. చుక్కల మందును మూడో నెలలో నేనే ఆపేశాను. "మంచిగనే కనవడుతున్నది గద, ఇంకెందుకు?" అని ఇంట్లో అందరి నోళ్లూ మూయించాను. నాకు ఎదురు చెప్పేవాళ్లు పట్నంలో మేముండే మన్సూరాబాద్‌లో అప్పటికి లేరు.

ఒక పొద్దున ఆ కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయాను, చూపు మసకబారింది. ఇలా అయితే అదే రోజు రావాలని, ఆలస్యమైతే ఒళ్లు కొత్తపొరను ఒప్పుకోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆస్పత్రి ఉన్నది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఆ రోజే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మా కాలనీ ఆడవాళ్ల వంటావార్పు. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తినడం. ఒక్క బండిని కూడా కదలనివ్వొద్దని ముందు వారం మీటింగులో గట్టిగా చెప్పింది నేనే.

మా ఆయన స్కూటరు మీంచి నల్ల కళ్లద్దాలతో దిగిన నన్ను చూసి, వంటకే వచ్చాననుకున్నారు. పక్కింటి వదిన నా చేతికి గరిటె ఇవ్వబోయింది.

"వదినె, కన్ను పోయేటట్టున్నది. దవాఖానకు పోవాలె, జర తొవ్వ ఇయ్యుండ్రి," అన్నాను. ఒకరిని బతిమాలడం నాకదే మొదలు.

"గింత పొగల ఎట్ల పోతవ్? ఆగు!" అని వదిన వెనక్కి తిరిగి కేకేసింది. "పొయ్యిలు ఆర్పుండ్రి!"

ఒక్కరూ ఎందుకని అడగలేదు. అన్నం సగమే ఉడికింది. మండుతున్న కట్టెలు లాగి ఇసుకలో గుచ్చారు. పొగ పలచబడేదాకా వదిన తన కొంగు నా ముఖానికి అడ్డం పట్టింది.

"బండ్లు పోనియ్యొద్దన్నది నువ్వే గద, అక్కా," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. సిగ్గుపడుతూ నేనూ నవ్వాను.

"మందు ఎవరు ఆపమన్నారండీ?" అని ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను కడిగిపారేసింది. ఇంకో రెండు రోజులు ఆగుంటే ఆ పొర దక్కేది కాదంది. గంటగంటకూ చుక్కలు రాసింది. ఈసారి ఫోనులో అలారం పెట్టుకుని మరీ వేసుకున్నాను.

నెల తిరిగేసరికి ఎరుపు పోయింది. ఎడమకన్ను మూసి, ఆస్పత్రిలో అక్షరాల బోర్డు మీద కిందినుంచి రెండో వరుస దాకా చదివేశాను. అక్కణ్ణుంచి నేరుగా మావాళ్లు కూర్చున్న దీక్షా శిబిరానికి వెళ్లి, "కన్ను దక్కింది!" అని అరిచాను. శిబిరమంతా లేచి నిలబడి "జై తెలంగాణ" అంది. తెలంగాణ ఇంకా రాలేదు. అయినా ఆ పూట గెలిచింది మేమే. ఏడుపు ఆగలేదు. చెంపలు తుడుచుకున్నాను గానీ, కంటి మీద మాత్రం వేలు కూడా పెట్టలేదు.