పాముచెవుల మేస్త్రి చేతిలో సబ్బు

మా ఆయనని అందరూ పాముచెవుల మేస్త్రి అనేవారు. ఈతకొలనుల పంపులు బాగుచేయడం ఆయన పని. నడుస్తున్న మోటారుకి స్క్రూడ్రైవరు కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, బేరింగు పోయిందో, ఏ జాయింటులో గాలి పీలుస్తోందో ఇట్టే చెప్పేసేవారు. పైపులకి సబ్బు నురగ రాసి లీకు వెతుక్కునేవాళ్లంటే ఆయనకి ఎంత వెటకారమో! దానికి తలంటు పోస్తున్నారా అని అడిగేవారు.

ఆ చెవులే పోయాయి. ముందు కుడిది, తర్వాత ఎడమది. ఎంతసేపూ మోటార్ల పక్కన నిలబడితే మరేం మిగులుతుంది? చెవి మిషను పెట్టినా లాభం లేదన్నాడు డాక్టరు. ఈ సంగతి మూడో మనిషికి తెలియనివ్వలేదు. తెలిస్తే పంపు మీద చెయ్యి వేయనిచ్చేదెవరు? సాయానికని చెప్పి నేనూ వెంట వెళ్లడం మొదలుపెట్టాను. ఎదురుగా నిలబడి మాట్లాడితే నా పెదాలు చూసి పట్టుకుంటారు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే నేను భుజం తట్టాలి. ఇదీ మా కాపురం.

ఇప్పుడు చేతిలో ఉన్న పని ఒక్కటే, పిల్లలకి ఈత నేర్పే బడిలో. జ్వరమొచ్చి నేను వెళ్లని రోజే అక్కడి పంపు కాలిపోయింది. కొత్తది తెప్పించారు. అది నీళ్లు పీల్చే నోరు పాతదానికంటే జానెడు ఎత్తున ఉంది, పాత పైపులు అందవు. ఆయన ఆ వంకరటింకర పైపులన్నీ రంపంతో కోసి పారేసి, పంపు నోట్లోకి తిన్నగా వెళ్లేలా కొత్తవి వేశారు. కోసిన అంచులు గీకి, సొల్యూషన్ రాసి అతికించి, ఆరేదాకా ఆగారు. చూడముచ్చటగా కుదిరింది పని.

స్విచ్చు వేశాం. పంపు గాజుమూతలో తెల్లగా బుడగలు. ఎక్కడో గాలి పీలుస్తోంది. నీళ్లు బయటికి కారితే కంటికి కనబడతాయి, లోపలికి పోయే గాలి ఏం కనబడుతుంది? వినమన్నారు నన్ను. ఆయన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలియదు కదా, గది దద్దరిల్లింది. ఒక్కొక్క జాయింటు దగ్గరా చెవి పెట్టాను. మోటారు రొద తప్ప ఇంకేమైనా వినబడితేగా! అన్నీ మళ్లీ బిగించారు. మళ్లీ బుడగలే. బంగారంలాంటి చెవులు నాకుండీ ఏం లాభమని ఏడుపొచ్చింది.

"నాకు తెలియడం లేదండీ," అన్నాను ఆయన మొహంలోకి చూసి.

ఆయన చేతిలోని పానా కింద పెట్టారు. "సబ్బు పట్రా," అన్నారు.

చేతులు కడుక్కునే చోటునుంచి తెచ్చాను. తలొంచుకుని నురగ చేసి, ఒక్కో జాయింటుకీ రాసుకుంటూ వచ్చారు. పంపు నోటి దగ్గర నట్టు కింద నురగ చటుక్కున లోపలికి పోయింది. మోటారు ఆపి విప్పితే రబ్బరు వాషరు పక్కకి జరిగి ఉంది. సరిగ్గా కూర్చోబెట్టి బిగించారు. ఈసారి బుడగల్లేవు. హమ్మయ్య అనుకుని తిరిగేసరికి గుమ్మంలో ఈత బడి మేనేజరు. ఎప్పుడొచ్చాడో మహానుభావుడు, మా ఆయన చేతిలోని సబ్బునే చూస్తున్నాడు.

భుజం తట్టబోతే వద్దని నాకు సైగ చేశాడు.

"మేస్త్రిగారూ, వెనకాల తేలు," అన్నాడు గట్టిగా.

ఆయన తాపీగా పైపు తుడుచుకుంటున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పనిలో పడితే ఆయనకి లోకం పట్టదు సార్ అని నీళ్లు నమిలాను.

మేనేజరు నోరు పారేసుకుని ఉంటే నేనూ నాలుగు దులిపేదాన్ని. కోప్పడలేదు, అదీ నా ఖర్మ. నేను రాని ఆ రోజు పాత పంపు నీళ్లందక కీచుమని అరుస్తుంటే కొలనులో పిల్లలు చెవులు మూసుకున్నారట. ఈయన దాని పక్కనే కూర్చుని మరలు తుడుచుకుంటున్నారట. అప్పుడే అనుమానమొచ్చిందట.

"రేపు కరెంటు తీగ చిటపటలాడినా ఆయనకి తెలియదమ్మా. పసిపిల్లలుండే చోటు. ఇదే ఆఖరి పని. నాకు నోరు రావడం లేదు, నువ్వే చెప్పు."

అనేసి వెళ్లిపోయాడు.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ లేచారు. ఎన్నాళ్లకో ఆ మొహంలో కళ వచ్చింది. వెళుతున్న మేనేజరుని చూసి, ఏమన్నాడని అడిగారు. నేను వంగి సంచిలో సామాను సర్దుతూ, పని బాగుందన్నాడని చెప్పాను.

"అటు తిరిగి చెబితే నాకేం తెలుస్తుందే?" అన్నారు నవ్వుతూ. "ఇటు చూసి చెప్పు."