తిరిగి పోయని మచ్చు

నాకు వచ్చిన విద్య ఒక్కటే. సంచి మూతి విప్పకుండా లోపలి సరుకు ఎలాంటిదో చెప్పడం. నరసరావుపేటలో కందులు, మినుములు, శనగలు కొనే కొట్టు మాది. రైతు సంచి దించగానే మొన తేలిన ఇనుప గొట్టాన్ని గోనెలోకి గుచ్చి లాగితే గుప్పెడు గింజలు వస్తాయి. వాటిని అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి, తేమ ఎంతో పుచ్చు ఎంతో చెబుతాను. దీన్ని మచ్చు చూడటం అంటాం. చెప్పే ముందు కళ్లు సగం మూస్తాను. మూయకపోయినా చెప్పగలను, కానీ మూస్తే రైతు ఎదురు మాట్లాడడు.

చూసిన మచ్చు తిరిగి సంచిలో పోయం. పక్కనున్న గంపలో వేస్తాం. మా నాన్న కాలం నుంచీ ఉన్న ఆచారం అది, అంటే రైతులు అడగనంత కాలం ఆచారం. గంప నిండితే ఇంటికి పంపేవాణ్ని. మా ఇంట్లో పది ఊళ్ల కందులు కలిసి ఒకే ముద్దపప్పుగా ఉడికేవి. ఒకసారి నకరికల్లు వైపు నుంచి వచ్చిన ముసలి రైతు ఒకాయన, "చూడటం అయింది గదా, ఆ గింజలు మళ్లా సంచిలో పొయ్యి సావుకారూ" అన్నాడు. "గుప్పెడు గింజలకు ఏందయ్యా నీ యాగీ" అని నలుగురి ముందూ నవ్వాను. ఆయన గంప వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు అప్పుడు నాకు తమాషాగా ఉంది.

ఇంతటి విద్వాంసుణ్ని, ఇంట్లో మూడు నెలలుగా దగ్గుతున్న మనిషిని మాత్రం పట్టించుకోలేకపోయాను. మా ఇంటి పక్కన మిరపకాయల గోడౌను ఉంది. ఆ ఘాటుకే మా ఆవిడకు దగ్గు వస్తోందని తేల్చేశాను. బహుశా కళ్లు సగం మూసే తేల్చి ఉంటాను. మిరియాల కషాయం తాగమన్నాను. ఒకరోజు మేడ మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోయింది. అప్పుడు ఎక్స్‌రే తీయించాం. ఎక్స్‌రే చూసినాయన గుంటూరు వెళ్లమన్నాడు.

గుంటూరులో క్యాన్సర్ డాక్టరమ్మకు మా అమ్మాయి వయసు ఉంటుంది. స్కానులో కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపిస్తోందని, బయటి నుంచి సూది గుచ్చి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలని చెప్పింది. ఆ సూది లోపల బోలుగా ఉంటుందట. అంటే అచ్చం మా గొట్టమే, కాస్త సన్నం. అంత భయంలోనూ నాకు నా గొప్ప చెప్పుకోబుద్ధేసింది. "మేం కూడా ఇదే పని చేస్తామండీ, ముప్పై ఏళ్ల నుంచి" అన్నాను.

"సంచికి ఎన్నిసార్లు గుచ్చుతారు?" అని అడిగింది.

"అనుమానం వస్తే నాలుగైదు చోట్ల."

"ఊపిరితిత్తికి అన్నిసార్లు గుచ్చలేమండీ. లోపలి గాలి లీకయ్యే ప్రమాదం ఉంటుంది" అంది. తల ఊపాను. చెవికెక్కింది గాని బుర్రకెక్కలేదు.

గుచ్చింది ఒక్కసారే అయినా గాలి లీకయింది. ఆ గాలి బయటికి పోవడానికి పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి రెండు రోజులు ఉంచారు. మా ఆవిడ నొప్పి అని పైకి అనే మనిషి కాదు. ఆ రెండు రోజులూ నా చెయ్యి వదల్లేదు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. క్యాన్సర్. వక్కపలుకు కూడా నోట్లో వేసుకోని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సరేమిటని నేను నమ్మలేదు. ప్రేమ వల్ల నమ్మలేదని చెప్పుకోవచ్చు గాని, అసలు కారణం వృత్తి. ఒక కాటా మీద తూగిన సరుకును ఇంకో కాటా మీద తూచనిదే నేను లారీ ఎక్కించను. ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టి, ఆ ముక్కను దాచిన మైనం బిళ్లను తీసుకున్నాను. బ్లాకు అంటారు దాన్ని. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాని మధ్యలో దారపు పోగంత మా ఆవిడ.

బెజవాడలో ఒక ల్యాబుకు ఇచ్చాను. వాళ్లు బిళ్లలోంచి పలచగా పొరలు కోసి, పరీక్షించి, క్యాన్సరే అన్నారు. హైదరాబాదులో ఇంకో ల్యాబుకు ఇచ్చాను. వాళ్లూ వాళ్ల వాటా పొరలు కోసుకుని అదే మాట అన్నారు. ఇంట్లో చెప్పలేదు, డాక్టరమ్మకూ చెప్పలేదు. మూడు రిపోర్టులూ ప్లాస్టిక్ ఫైలులో సర్దుకుని, కోర్టులో దస్తావేజులు దాఖలు చేసేవాడిలా తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

ఆమె ఫైలు తెరవనైనా లేదు. "బ్లాకు ఏదండీ? అసలు పని ఇప్పుడుంది దాంతో" అంది. పొగ తాగని ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చినప్పుడు చాలాసార్లు గడ్డలోని జన్యువుల్లో ఏదో ఒక మార్పు ఉంటుందట. ఆ మార్పు ఏదో తెలిస్తే, దానికి తగిన మాత్ర ఉంటే, కీమో లేకుండా ఇంట్లోనే రోజూ వేసుకోవచ్చట. ఆ మార్పు లేని మనిషికి అదే మాత్ర ఇస్తే ఉపయోగం ఉండదట. పరీక్షకు మూడు వారాలు పడుతుందని చెప్పింది.

"అవన్నీ ఎందుకమ్మా, ఉన్నవాటిలో మంచి మందు మొదలుపెట్టండి" అన్నాను.

"మంచి మందు అని విడిగా ఉండదండీ. ఆవిడకు సరిపడే మందు ఉంటుంది. అదేమిటో ఆ ముక్కే చెప్పాలి."

బ్లాకు ఇచ్చి వచ్చాను. ఐదో రోజు రమ్మని ఫోను. బిళ్లలో మైనం తప్ప పరీక్షకు చాలినంత ముక్క లేదట. ముందే తీసి ఉంచిన ఆవిడ రక్తంలోనూ ఆ మార్పు కోసం వెతికారు, ఏమీ దొరకలేదు. రక్తంలో దొరకనంత మాత్రాన గడ్డలో లేదని అనుకోకూడదన్నారు. "మూడు చోట్ల ఒకే ప్రశ్న అడిగారు మీరు. రెండో ప్రశ్న అడగడానికి ముక్క మిగల్లేదు. మళ్లీ సూది గుచ్చాల్సిందే" అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఫిరంగిపురం దాటేదాకా బస్సులో అబద్ధాలు కూర్చుకుంటూ వచ్చాను. ల్యాబులో మిషను చెడిపోయిందని ఒకటి. కొరియరువాడు పారేశాడని ఒకటి. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ చేటలో కందులు పోసుకుని రాళ్లు ఏరుతోంది. గంపలోంచి వచ్చిన కందులే. అవి చూశాక ఒక్క అబద్ధమూ నోట్లోంచి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అయితే నన్ను మూడు కాటాల మీద తూచారన్నమాట" అంది.

"నమ్మలేకపోయానే."

"నన్ను ఒక మాట అడగొద్దా? గుచ్చింది నన్ను గదా." ఆమె చేతులు రాళ్లు ఏరుతూనే ఉన్నాయి. "మళ్లా ఆ గొట్టం పెడితే నావల్ల కాదండీ. నాకు చానా భయంగా ఉంది."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో భయమన్న మాట ఆమె నోట వినడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడవాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ముందు నేను ఏడ్చాను. ఆమే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

రెండు రోజులు ఆ ఊసు ఎత్తలేదు. మూడో రోజు పొద్దున చీర మార్చుకుని వచ్చి, "పదండి పోదాం. ఏ మందో తెలియకుండా మింగేదానికంటే గుచ్చించుకోవడమే నయం" అంది. ఆసుపత్రిలో లోపలికి వెళ్లే ముందు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "మిగిలింది మాత్రం మా ఆయన చేతికి ఇయ్యమాకండమ్మా" అని చెప్పింది. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని.

తలుపు మూశాక బయట కుర్చీలో కూర్చున్నాను. ఎందుకో నకరికల్లు రైతు గుర్తొచ్చాడు. గంప వైపు ఆయన చూసిన చూపు గుర్తొచ్చింది. నాకు గుప్పెడు గింజలే. ఆయన వాటిని విత్తి, కలుపు తీసి, కోసి, నూర్చి తెచ్చాడు. ఆయన్ను చూసి నవ్వినందుకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, తలుపు అవతల ఆమెకు ఏమవుతుందోనని భయమేసింది.

ఈసారి గాలి లీకవలేదు. ముక్క చాలినంత వచ్చింది. మూడు వారాల్లో ల్యాబుకు నేను ఎన్నిసార్లు ఫోను చేశానంటే, చివర్లో అక్కడి అమ్మాయి నేను హలో అనకముందే "ఇంకా రాలేదు బాబాయ్" అనేది. వచ్చిన రోజున డాక్టరమ్మ చదివి చెప్పింది. మార్పు దొరికింది. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వెనక ఒక అంకె, లారీ నంబరులా ఉంది. దానికి సరిపడే మాత్ర ఉంది. రోజుకు ఒకటి.

"ఎన్నాళ్లు పనిచేస్తుందమ్మా?" అని అడిగింది మా ఆవిడ. నేను అడగలేకపోయిన మాట అది.

"పనిచేసినన్నాళ్లు వాడదామమ్మా. ఆగిపోతే మళ్లీ పరీక్ష చేసి చూద్దాం" అంది డాక్టరమ్మ. మిగిలిన బ్లాకు మా ఆవిడ చేతికిచ్చింది. ముందు ముందు ఇంకేదైనా పరీక్షకు పనికిరావచ్చని, ఎండ తగలనివ్వొద్దని, మైనం కరిగితే కష్టమని చెప్పింది. మా ఆవిడ కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా జేబులో పెట్టింది. "పోగొట్టేది మీరే, కాపలా కూడా మీరే" అంది.

నెలన్నరకు దగ్గు తగ్గింది. మొహం మీద కురుపులు లేచాయి, వాటికి ఏదో పూత ఇచ్చారు. మెట్లు ఎక్కుతోంది. నేను కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టాను. నూజెండ్ల రైతు ఒకతను కందులు తెస్తే మచ్చు చూసి, గింజలు తిరిగి సంచిలో పోశాను. నా అంతటి మహానుభావుడు లేడనిపించింది. అతను మాత్రం కంగారుపడ్డాడు. "ఏంది సావుకారూ, సరుకు నచ్చలా?" అన్నాడు.

"బాగుందయ్యా. చానా బాగుంది."

"మరి తిరిగి పోస్తివేంది?" నేను ఎంత చెప్పినా అతనికి నమ్మకం కలగలేదు. సంచులు ఎత్తించుకుని రెండు కొట్ల అవతలికి పోయాడు. అక్కడ మచ్చు చూసి గంపలో పారేశారట, అతని మనసు కుదుటపడింది. ఈ సంగతి చెబితే మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. దగ్గు రాకుండా అంతసేపు నవ్వడం చూసి ఆరు నెలలు దాటింది.

బ్లాకును బీరువాలో, ఆమె పెళ్లి చీర మడతల్లో పెట్టాను. మే నెల వచ్చింది. మా వైపు ఎండలకు గోడలు కూడా చురచురమంటాయి. మధ్యాహ్నం గదిలోకి వెళ్లి బీరువా తలుపు ముట్టుకుంటే కాలింది. హాల్లో ఉన్న కూలరును లాక్కొచ్చి, బీరువా తలుపు తీసి, దానికి ఎదురుగా పెట్టాను. కాసేపటికి మా ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఏందండీ ఇది? ముక్కకు కూలరు పెట్టి మనిషిని ఉక్కలో కూర్చోబెట్టారు."

తప్పయిందని కూలరును మంచం వైపు తిప్పాను. ఆమె పడుకుని కళ్లు మూసుకుంది. గాలికి జుట్టు కదులుతోంది. నేను చప్పుడు చేయకుండా వెళ్లి కూలరును కొద్దిగా, జానెడు, బీరువా వైపుకు జరిపాను. వెనక్కి తిరిగేసరికి ఆమె నన్నే చూస్తోంది. గాలి తగిలే పక్కకు తనే కాస్త జరిగి పడుకుంది.