సబ్బు కలిపే పొద్దు

మా మేనత్త పోయింది. మొన్న సాయంత్రం మహదేవపూర్‌లో నేను పాఠాలు చెప్పే బడి విడిచే వేళకు మా తమ్ముడు బస్సు దిగి నేరుగా గేటు దగ్గరికి వచ్చి చెప్పాడు. అత్త ఈమధ్య మానుకోటలో కొడుకు ఇంట్లో ఉండేది. "పొద్దున చాయ్ తాగింది. 'చక్కెర పుట్టింటికి పోయిందా బిడ్డా' అని కోడలిని అడిగింది. జరసేపు ఒరుగుత అని పండుకున్నది, మల్ల లేవలే అక్కా" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. చివరి మాట కూడా చురుక్కుమనేదే అన్నమాట. బాగా బతికింది, బాధ పడకుండా పోయింది. ఆ విషయంలో నాకు దిగులేమీ లేదు.

అత్త సొంతిల్లు జనగామలో. మామ పోయాక సబ్బులు చేసి అమ్ముతూ కాపురం నడిపింది. మా ఊళ్లో పెద్ద బడి లేదని నాయిన నన్ను ఆమె దగ్గర ఉంచాడు. కాష్టిక్ సోడా, ఇప్పనూనె, ఆ సోడా కంటే ఘాటైన అత్త నోరు, ఈ మూడింటి మధ్యే పెరిగాను. వీధివాళ్లు చాటుగా సోడత్త అనేవాళ్లు. అది చెవిన పడ్డ రోజు, సబ్బు కొనడానికి వచ్చినావిడతో "సోడా మీకు పడదంట గదా, ఉత్త నూనె రుద్దుకపోండ్రి" అంది. కిరాణా దుకాణదారు తక్కెడ మీద వేలు ఆనిస్తే, "అన్నా, నీ వేలు గూడ తూకంల వచ్చింది, అది గూడ పొట్లం కట్టు" అంది. నేను అద్దం ముందు జడతో ఆలస్యం చేస్తే, "అద్దానికి గూడ కండ్లు నొస్తయి బిడ్డా, జర ఇడువు" అనేది. అబ్బ, ఒళ్లు మండేది. అయితే ఏదన్నా మొహం మీదే అనేది, వీపు వెనక ఒక్క మాట అనలేదు.

ఆ నోటికి సెలవు దొరికేది సబ్బు కలిపే రోజే. నీళ్లలో సోడా వేస్తే పొగ లేచి ముక్కూ గొంతూ మండిపోతాయి. అందుకని తడిగుడ్డ మూతికి బిగించి కట్టుకునేది. సోడానీళ్లు చల్లారాక సన్నధారగా నూనెలో పోస్తూ, చిక్కబడేదాకా కర్రతో కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే నూనె విరిగి పైకి తేలుతుంది. పని అయ్యేదాకా ఆమె లేచేది కాదు, గుడ్డ విప్పేది కాదు. ఇది వీధికంతా తెలుసు. అడిగి తీసుకున్న బిందెకు సొట్ట పెట్టినవాళ్లు, పెళ్లికి పిలవడం మరిచినవాళ్లు ఆ పొద్దే వచ్చి, చెప్పాల్సింది చెప్పేసి జారుకునేవాళ్లు. అత్త కళ్లు ఉరిమేవి, అంతే.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక, నేను బడికి బయలుదేరుతున్న ఒక పొద్దున ఊరి నుంచి నాయిన వచ్చాడు. ఏ రోజు రావాలో ఆయనకూ తెలుసు. గోడకు ఆనుకుని కూర్చుని, అత్త సోడానీళ్లు పోయడం మొదలుపెట్టేదాకా ఆగాడు.

"అక్కా, పిల్లను తీస్కపోత. ఎట్లయినా ఏడాది పాయె. చదివింది సాలు. ఇంటికాడ వాళ్లమ్మకు ఆసరైతది."

చదువు పూర్తిచేసి టీచరు కావాలని నాకు ఎంతో ఆశ. నాయినతో ఆ మాట అనగలిగిన మనిషి అత్త ఒక్కతే. ఆమె మూతికేమో గుడ్డ.

అత్త చెయ్యి ఆగింది. కర్ర కుండలోనే వదిలేసి గుడ్డ విప్పింది. ఇక నాయిన పని అయిపోయిందనుకున్నాను. ఆయన కూడా తిట్లకు సిద్ధమై తల వంచుకున్నాడు.

అత్త తిట్టలేదు. నేనెప్పుడూ వినని మెత్తని గొంతుతో మాట్లాడింది.

"తమ్మీ, మన బాపు నా చేతులకెల్లి పలక గుంజుకొని నీ చేతుల పెట్టిండు. యాదున్నదా? ఇంట్ల ఒక్కరు చదివితె సాలన్నడు. గప్పుడు నాకు నోరు లేకుండె. ఇప్పుడున్నది. పిల్ల ఈడనే ఉంటది."

కుండలో నూనె విరిగి పైకి తేలుతోంది. నాయిన లేచి, పంచె పైకి దోపుకుని, కుండ ముందు కూర్చుని కర్ర అందుకున్నాడు.

"ఎటు తిప్పాలె అక్కా?"

"ఎటన్న తిప్పు. నోరు మూస్కొని తిప్పు" అంటూ అత్త తన గుడ్డ మళ్లీ తడిపి, తమ్ముడి మూతికి తానే ముడి వేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేం జూస్తున్నవ్? బడి యాల్ల గాలేదా?"

సంచి తీసుకుని పరుగెత్తాను. వీధి మలుపులో ఆగి చూస్తే, తెరిచిన తలుపులోంచి ఇద్దరూ కనబడ్డారు. నాయిన తల దించుకుని కలుపుతూనే ఉన్నాడు. అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని, నేను పోతున్న దారినే చూస్తోంది.