రెండో పిడికిలి

మావైపు బడికి కట్టే ఫీజును కూడా జీతమే అనేవాళ్లు. మా నాయన కోయిలకుంట్ల దగ్గర ఒక ఆసామి కింద సాలు జీతగాడు, అంటే ఏడాది పాలేరు. బడి తెరిచే నెలలో నేను డబ్బు అడిగితే ఆయన తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుంటూ అనేవాడు.

"నేనేమో జీతం తీసుకుంటాండా, నువ్వేమో జీతం కడ్తాండావు. మన ఇద్దర్లో ఆసామి ఎవురు పాపా?"

ఆ మాట ఆరో ఫారం ముందు వేసవిలో ఆగిపోయింది. అంతవరకు ఎట్లాగో నెట్టుకొచ్చాం. ఆఖరి ఏడు జీతం, పుస్తకాలు, పరీక్ష ఫీజు అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. స్కాలర్‌షిప్పు వస్తే చదువు, రాకపోతే శనక్కాయలు వలవడానికి అమ్మ పక్కన కూర్చోవడం. ఇంకో దారి లేదు. నాకు చదవాలని ఉండింది. రెండో వరుసలో, కిటికీ పక్కన నాపరాతి నేల మీద నా చోటు. ఎండాకాలం కూడా ఆ రాయి చల్లగా ఉండేది. ఆ చల్లదనం ఇప్పటికీ నా అరికాళ్లకు గుర్తుంది.

శనివారం ఆఖరి పీరియడులో మా లెక్కల సారు పుస్తకం తెరిచేవాడు కాదు. బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమ పక్క రాబడి, కుడి పక్క ఖర్చు అని రాసేవాడు. ఎవరింటి లెక్క వాళ్లు రాసుకురావాలి. పరీక్షలో రాని లెక్క ఎందుకని పిల్లలు గొణిగేవాళ్లు. నేను మాత్రం ఒకసారి లేచి అడిగాను.

"మాయింట్లో దుడ్లు కనపడవు సార్. ఏం రాసేది?"

"మీ నాయనకు ఆసామి ఏమిస్తాడు?"

"జొన్నలు. రెండు పంచెలు. ఒక జత చెప్పులు."

"కూడు?"

"పగటిపూట సంగటి ఆడనే."

"అదంతా దుడ్లు కాదామ్మా? అంగట్లో కొంటే ఎంతయితాదో ఆ ధర వేసి రాయి. ఇంటికొచ్చిన గింజ ప్రతిదీ రాబడే. మీ నాయన కష్టానికి వెల కట్టేదానికి నువ్వు కాకపోతే ఎవురుండారు?"

ఆ మాట పట్టుకుని నేను అన్నీ రాశాను. జొన్నలు, పంచెలు, చెప్పులు, నాయన తిన్న సంగటి, ఆసామి భార్య ఆదివారాలు పోసే మజ్జిగ, చేనిలో మిగిలిన చొప్ప కూడా. సారు నా పుస్తకం ఎత్తి తరగతికంతా చూపించాడు. ఆ సాయంత్రం నాయన ఎద్దుల వెనక నడిచి వస్తుంటే కొత్త మనిషిలా కనిపించాడు. ఆయన వెల నాకు తెలుసు అనుకున్నాను.

స్కాలర్‌షిప్పు కాగితం వచ్చింది. అందులో ఒక గడి ఉంది: సాలుకు తండ్రి రాబడి. నేను పుస్తకం తెరిచి ఎడమ పక్క కూడిక దించేశాను. ఒక్క అణా తగ్గించలేదు. మా నాయన పని చేసే ఆసామి కొడుకు కూడా మా తరగతే. వాళ్ల కాగితం వాళ్ల నాయన నింపాడు. వానలు లేవు, రాబడి లేదు, అని రాశాడు. ఆ అబ్బాయి దాన్ని నాకు చూపించి, "మీ నాయనే నయం మే, మాకు సున్నా" అన్నాడు. అది ఎగతాళో, అమాయకత్వమో అరవై ఏళ్లు దాటినా తేల్చుకోలేదు. ఎగతాళి అనే ఉంచుకున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయని చెప్పుకునేవాళ్లు. ఏ గుడారంలో ఎవరు నా కాగితం చూశారో తెలియదు. జాబితా వచ్చిన రోజు బడి గుమాస్తా నన్ను పిలిచాడు.

"నీది రాలేదు మే. మీ నాయనకు రాబడి ఎక్కువుండాదంట. మీరింత ఉన్నోళ్లని మాకు చెప్పనేలేదే."

గదిలో ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురూ నవ్వారు. ఒకాయన నోట్లో వక్కాకు ఉండి, నవ్వడానికి ముందు కిటికీలోంచి ఉమ్మి వచ్చాడు. ఆసామి కొడుకు పేరు జాబితాలో ఉంది.

పుస్తకం తీసుకుని లెక్కల సారు దగ్గరికి వెళ్లాను. ఆయన నిలబడే చూశాడు. జేబులోంచి పెన్సిలు తీసి నా కూడిక మొదటి నుంచి మళ్లీ చేశాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఈ అన్యాయం గురించి ఆయన ఏదో ఒకటి అంటాడు, కర్నూలుకు జాబు రాస్తాడు అనుకున్నాను.

"లెక్కలో తప్పేం లేదమ్మా," అని పుస్తకం నా చేతిలో పెట్టాడు.

గుమాస్తా మీద కోపం నేను ఎప్పుడో వదిలేశాను. సారు మీద వదల్లేదు. ఆయన గీసిన గీతంత తిన్నగా ఇంకెవరూ గీయడం నేను చూడలేదు, అందుకే.

ఇంటికొచ్చి చెబితే నాయన తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. అమ్మ మాత్రం పుస్తకం చదివి వినిపించమంది. రాబడి అంతా విన్నాక, "ఖర్చు పక్కన దేవుని పిడికిలి రాసినావా?" అని అడిగింది.

రాయలేదు. మా క్రైస్తవ ఇళ్లలో వంటకు గింజలు తీసినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారం చివర అది గుడికి పోతుంది. అది ఖర్చని నాకు ఎన్నడూ తోచలేదు.

"ఊరంతా ఎయ్యబట్టే గదా గుడికి పైకప్పు పడింది," అంది అమ్మ.

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయాక ఆడవాళ్లు లేవబోతుంటే అమ్మ నిలబడింది. ఆమె పదిమందిలో మాట్లాడగా నేను చూడటం అదే మొదలు. ఒక సంవత్సరం దేవునికి ఒక పిడికిలి, నా చదువుకు ఇంకో పిడికిలి వెయ్యమని అడిగింది. సంఘ పెద్ద భార్య ముందు వరుసలో ఉంది. మనిషి ఎత్తు, చేతులు ఇంకా పెద్దవి.

"దేవుని పక్కన ఇంకో కుండ పెడ్తాండావా మే?" అంది ఆమె.

"దేవునికి తక్కువ చెయ్యమంటాలేదక్కా. మనమే ఒక ముద్ద తక్కువ తిందాం అంటాండా."

"తినేదే ఒగ ముద్ద. అందులో తక్కువ యాడిది?" అని ఇంకెవరో వెనకనుంచి అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఒప్పుకున్నారు.

సంఘ పెద్ద భార్య ఒక షరతు పెట్టింది. "పూటకు ఎవురెన్ని పిడికిళ్లు ఏసిరో ఈ పిల్ల రాసి నెలనెలా ఈడ నిలబడి చదవాల. లెక్కలు బాగా వస్తాయంట గదా."

చదివాను. పన్నెండు నెలలు, ఆరాధన అయ్యాక, పలక మీద బొమ్మలా నిలబడి, ఎవరి గింజలతో బతుకుతున్నానో నా నోటితో నేనే చదివాను. నీళ్లకు పోతే, "ఏం పాపా, మా పిడికిలి బాగా చదువుతాందా?" అని అడిగేవాళ్లు. సంఘ పెద్ద భార్య ఊరుకునేది కాదు. నేను చదువుతుంటే ఆపేది.

"అందరికీ ఒగటే రాస్తాండావు. నా పిడికిలి వాళ్ల పిడికిలికి రెండింతలు. చూడు." చెయ్యి మూసి అందరి ముందు చూపించేది.

"పిడికిలంటే పిడికిలే పెద్దమ్మా," అనేదాన్ని.

ఒక నెల ఒకామె ఆగి, "నా కూలి దినాలు గూడా రాసిపెట్టు పాపా, లెక్క తప్పిస్తాండారు" అంది. తర్వాత ఇంకొకామె. వాళ్ల కోసం నేను పుస్తకం మధ్యలో నిలువు గీత గీసేదాన్ని. అచ్చం సారు గీసినట్టు రావాలని చూసేదాన్ని, కొంచెం వంకర పోయేది. వాళ్లు నా చుట్టూ కూర్చుని వేళ్లు మడిచి లెక్క చెప్పే ఆ సాయంత్రాలు నాకు మళ్లీ కావాలి. కొంగుల్లో దుమ్ము, జొన్న నలుసుల వాసన. అప్పుడు మాత్రం ఎప్పుడు ఈ ఊరు వదిలిపోతానా అని చూశాను.

గింజలు సంతలో అమ్మి జీతం కట్టాం, పరీక్ష ఫీజు కట్టాం. పాసయ్యాను. కడపలో పంతులమ్మ శిక్షణకు వెళ్లాను. సంఘ పెద్ద భార్యకు జబ్బు చేసిందని నాయన కార్డు రాయించాడు. వెళ్లలేదు. పరీక్షలున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె మూసిన చెయ్యి ఎత్తి చూపించడం కళ్లముందు కదిలింది, అందుకే వెళ్లలేదు. రెండో కార్డు వచ్చేసరికి ఆమె లేదు.

నేను పంతులమ్మనైనప్పటి నుంచి ప్రతి ఏడూ ఒక ఆడపిల్లకు జీతం కడుతున్నాను. వాళ్ల నాయన రాబడి ఎంతని అడగను. ఇంటి లెక్క రాసే పుస్తకం ఒకటి ఇచ్చి, గీత తిన్నగా గీయమంటాను.

ఆ పాత పుస్తకం నా దగ్గరే ఉంది. మా నాయన తాగిన మజ్జిగ దాకా అన్నీ నిజం రాసినందుకు నష్టపోయినదాన్ని నేను. అదే పుస్తకంలో పన్నెండు నెలలూ సంఘ పెద్ద భార్య పేరు ఎదురుగా పూటకు ఒకటి అనే ఉంది. ఆమె వేసింది రెండు. నాకు తెలుసు. ఆదివారాలు గుడిలో నా కుండలోకి ఆమె గింజలు పడే చప్పుడే వేరుగా ఉండేది. ఇప్పటికీ దాన్ని దిద్దలేదు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గుతాను. నా పిడికిలి చిన్నది, ఎంత పోసినా అట్లా పడదు.