కాలిన అంచున్న డేగ

బాబా పోయారని ఆయన కూతురు సలాలా నుంచి ఫోన్ చేసి చెప్పింది. నేనిప్పుడు అల్ ఖువైర్‌లో వేరే ఇంట్లో పనిచేస్తున్నాను. పొయ్యి కట్టేసి వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. కడప నుంచి బతకడానికొచ్చిన నాకు ఈ అరబ్బు దేశంలో తండ్రిలాంటి మనిషి ఉండేవాడని ఇక్కడ ఎవరితో చెప్పుకోను? అందుకే మీకు చెబుతున్నాను.

సలాలాలో ఆయనింట్లో వంట నాదే. అక్కడున్నన్నాళ్ళూ మందులిచ్చిందీ నేనే. "బింతీ" అని పిలిచేవారు, అంటే బిడ్డా అని. నా దగ్గర నేర్చుకున్న తెలుగు మాట ఒక్కటే. అన్నం వడ్డిస్తుంటే "సాలు" అనేవారు. హెలికాప్టర్ చప్పుడు వినబడితే ముద్ద చేతిలోనే ఆగిపోయేది. పెరట్లో మాంసం కాలిస్తే లేచి సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయేవారు.

అతిథుల గదిలో అద్దాల పెట్టెలో ఒక గుడ్డ బ్యాడ్జీ ఉండేది. రెక్కలు చాచిన డేగ, కాళ్ళలో తాళంచెవి. ఒక అంచు కాలి నల్లబడింది. తుడుస్తూ అడిగితే ఒకరోజు చెప్పారు. వయసులో ఉండగా కొండవాళ్ళు తిరగబడి యుద్ధం జరిగినప్పుడు ఆయన సైన్యపు గూఢచారి దళంలో చేశారట. గాల్లో తిరుగుతూ శత్రువు జాడ కనిపెట్టాలి. బాంబులు పడ్డాక దిగి శవాల జేబులు వెతకాలి.

"మొదట్లో మాకు ఏ గుర్తూ లేదు, బింతీ. పట్టుబడితే ఎవరిమో తెలియకూడదని. చాలామంది చచ్చాక ఇది ఇచ్చారు. డేగ ఆకాశానికి, తాళంచెవి రహస్యానికి."

ఆ బ్యాడ్జీ ఆయనది కాదు. హెలికాప్టర్ కూలినప్పుడు పక్క సీట్లో కాలిపోయిన స్నేహితుడిది. "బెల్టు ఊడలేదు. అరుస్తూనే ఉన్నాడు," అన్నారు.

మనవరాలి సంబంధం మాట్లాడ్డానికి మగపెళ్ళివారు వచ్చారు. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి పెళ్ళికొడుకు తాత, కొండ మనిషి, ఆ పెట్టె ముందు నిలబడి ఉన్నాడు.

"ఇది నీదా?"

"మా దళానిది," అన్నారు బాబా.

"మా తమ్ముణ్ణి చంపింది ఈ డేగే. శవం కూడా మాకు దక్కలేదు."

చేతికర్రతో ఒక్క దెబ్బకు అద్దం పగలగొట్టాడు. రెండో దెబ్బ బాబా నుదుటి మీద పడింది. బాబా చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. నేను పళ్ళెం వదిలేసి కర్ర పట్టుకున్నాను. "సంపుతావా యేమి! ఇడువు కట్టె!" అని మన మాటల్లోనే అరిచాను. నెత్తురు గడ్డంలోకి కారుతుండగా బాబా నా మణికట్టు పట్టుకుని, "సాలు" అన్నారు.

నేను కర్ర వదిలాక ఆ పెద్దాయన్ని అడిగారు: "మీ తమ్ముడికి ఎడమచేతి చిటికెనవేలు లేదా?"

ఆయన చేతిలోంచి కర్ర కిందపడింది.

"ఆ గట్టు మీదికి బాంబులు వేయించింది నేనే," అన్నారు బాబా. "మర్నాడు దిగాం. అతనింకా బతికున్నాడు. పేగులు చేత్తో పట్టుకుని నీళ్ళడిగాడు. పోశాను, పోయాడు. శవాల్ని ఊళ్ళోకి తెచ్చి జనానికి చూపించమని మాకు ఆజ్ఞ. ఇతన్ని మాత్రం రాళ్ళ కింద పూడ్చి, దొరకలేదని అబద్ధం చెప్పాను."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరి తమ్ముడో తెలిస్తే కదా! పైనుంచి చూస్తే మనిషి చీమ. దిగి చూస్తేనే ఎవరికో తమ్ముడు."

బాబా నుదుటికి కుట్లు పడ్డాయి. కుట్లు విప్పించుకున్నాక డ్రైవర్‌ను పెట్టుకుని ముగ్గురం కారులో కొండెక్కాం. ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఆ పెద్దాయన, వెనక మందుల సంచితో నేను, నా పక్కన బాబా. వానాకాలం, కొండంతా పచ్చగా ఉంది. లోయలో నాచు పట్టిన రాళ్ళ కుప్ప దగ్గర బాబా ఆగి చూపించారు. కొండ మనిషి తలగుడ్డ తీసేసి, రాళ్ళ మీద మొహం పెట్టి, చంటిబిడ్డలా ఏడ్చాడు. బాబా దూరంగా వానలో తడుస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి ఆ కొండ మనిషే తల తిప్పకుండా "రా" అన్నాడు. అప్పుడు దగ్గరికి వెళ్ళారు.

పెళ్ళి జరిగింది. మొన్న బాబాను గోరీలోకి దించింది కూడా ఆ కొండ మనిషేనని కూతురు ఫోన్లో చెప్పింది. అది నేను చూడలేదు. నా కళ్ళలో నిలిచింది ఆ రోజు తిరుగు ప్రయాణమే.

పొగమంచులో ఆవుల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టబోతే ముసలాళ్ళిద్దరూ ఒక్కసారే వద్దన్నారు. బాబా కిటికీ అద్దం దించి చెయ్యి బయటపెట్టారు. తడిసిన ఆవులు ఆ అరచేతికి ఒళ్ళు రాసుకుంటూ, ఒకదాని వెనక ఒకటి మంచులోకి వెళ్ళిపోతున్నాయి.